పుసి తగ్గినట్టే తగ్గి మళ్లీ కడుతోందా? కారణం ఎక్కడుందో వెతికే పద్ధతి

మీ ప్రశ్న సారాంశం ఇది: మూడు వారాలుగా పొద్దున్న లేచేసరికి రెప్పలు అంటుకుపోతున్నాయి, పగలు కూడా కనుకొలుకుల్లో పుసి చేరుతోంది, యాంటీబయాటిక్ చుక్కలు వేసినన్నాళ్లు తగ్గి, ఆపగానే మళ్లీ మొదలవుతోంది, ఇంకో రకం చుక్కలు వాడాలా?

ఇంకో సీసా కొనే ముందు ఒక్క విషయం ఆలోచించండి. బాక్టీరియా వల్ల వచ్చే మామూలు కండ్లకలక చాలామందిలో మందు వేయకపోయినా వారం పది రోజుల్లో సర్దుకుంటుంది. చుక్కలు వేస్తే కాస్త ముందుగా తగ్గుతుంది, అంతే తేడా. మూడు వారాలు దాటినా పుసి కడుతోందంటే మూలం మరోచోట ఉందన్నమాట: రెప్పల అంచుల్లోనో, కన్నీరు ముక్కులోకి దిగే గొట్టంలోనో, ఎలర్జీలోనో, కన్ను పొడిబారడంలోనో, వేస్తున్న మందులోనో, ఒక్కోసారి తుడుస్తున్న వేలిలోనో.

అసలు పుసి అంటే ఏమిటో తెలిస్తే మిగతాది సులువు. కంటి మీద ఎప్పుడూ ఒక పలచని తడిపొర ఉంటుంది. అందులో కన్నీటి గ్రంథి నుంచి వచ్చే నీరు, తెల్లగుడ్డును కప్పిన పొరలోని కణాలు వదిలే జిగురు, రెప్పల అంచుల్లోని గ్రంథులు వదిలే నూనె కలిసి ఉంటాయి. మెలకువగా ఉన్నప్పుడు నిమిషానికి సుమారు 15 సార్లు రెప్ప వేస్తాం. వేసిన ప్రతిసారీ పాత తడి, దుమ్ము, రాలిన కణాలు ముక్కువైపు తుడుచుకుపోతాయి. నిద్రలో ఈ తుడుపు ఉండదు కాబట్టి చెత్తంతా కనుకొలుకుల్లో చేరి ఆరిపోతుంది. పొద్దున్నే చిటికెడు పుసి ఉండటం, కడుక్కుంటే పోయి మళ్లీ సాయంత్రం దాకా రాకపోవడం ఆరోగ్యమే. కడుక్కున్న గంటకే మళ్లీ చేరితే, రంగు మారితే, కన్ను ఎర్రబడితే అప్పుడు వెతకాలి.

రంగు చూసి తీర్పు చెప్పేయడం చాలామంది చేసే పొరపాటు. పసుపుపచ్చగా ఉంటే బాక్టీరియా, నీళ్లలా ఉంటే వైరస్ అన్న లెక్క సగమే నిజం. వైరస్ కలకలో కారిన నీరు రాత్రంతా ఎండి పొద్దున్నకి పసుపుగానే కనిపిస్తుంది. రంగు కంటే ఎక్కువ చెప్పేవి నాలుగు: పుసి ఎలా ఉంది (నీళ్లలా, తీగలా సాగుతూ, చీములా చిక్కగా, పొట్టులా ఎండి), కంట్లో ఏమనిపిస్తోంది (దురద, గరగర, నొప్పి), ఒక కంట్లోనా రెండిట్లోనా, ఎన్నాళ్లుగా ఉంది.

ఆ వివరాల్లోకి వెళ్లేముందు, ఇంట్లో కూర్చుని ఆలోచించకూడని సందర్భాలు చెప్పాలి. కళ్లెర్రతో పాటు నొప్పి ఉంటే, వెలుతురు చూడలేకపోతే, తుడిచి రెప్ప ఆడించిన తర్వాత కూడా చూపు మసకగానే ఉంటే, నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ కనిపిస్తే అది కలక కాకపోవచ్చు. నల్లగుడ్డు పుండు కావచ్చు, దానికి అదే రోజు కంటి డాక్టరు కావాలి. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాళ్లలో ఇది మరీ వేగంగా ముదురుతుంది. లెన్సుతో నిద్రపోయినా, లెన్సును కుళాయి నీటితో కడిగినా, లెన్సుతోనే ఈత కొట్టినా ప్రమాదం పెరుగుతుంది. ఆకో గడ్డిపరకో కంటికి గీరుకున్న తర్వాత మొదలైన పుసిని ఫంగస్ అనుమానంతో చూస్తారు, మామూలు యాంటీబయాటిక్ దాని మీద పనిచేయదు. తుడిచిన నిమిషాల్లోనే చీము మళ్లీ ఊరి, రెప్పలు ఉబ్బిపోతే అది లైంగికంగా సోకే గనేరియా క్రిమి పని కావచ్చు. ఆ క్రిమి ఒకటి రెండు రోజుల్లోనే నల్లగుడ్డును తొలిచేయగలదు, చుక్కలతో లొంగదు, ఇంజెక్షన్ తప్పదు. రెప్పచుట్టూ వాచి, కనుగుడ్డు కదిపితే నొప్పి పుట్టి, జ్వరం కూడా ఉంటే నేరుగా ఆసుపత్రికే. పుట్టి నెల నిండని బిడ్డ కంట్లో చీము కనిపించినా అంతే. ప్రసవ సమయంలో తల్లి నుంచి సోకే గనేరియా సాధారణంగా 2 నుంచి 5 రోజుల్లో, క్లమీడియా 5 నుంచి 14 రోజుల్లో బయటపడతాయి. రెండోది ఊపిరితిత్తులకూ పాకగలదు కాబట్టి కంటి చుక్కలతో ఆగిపోకూడదు.

ఇవేవీ లేవనుకుని ముందుకు వెళ్దాం.

నీళ్లు కారుతూ, కన్ను బాగా ఎర్రబడి, ముందు ఒక కంట్లో మొదలై రెండు మూడు రోజుల్లో రెండోదానికి పాకితే ఎక్కువగా ఎడినోవైరస్ కలకే. చెవి ముందు చిన్న బిళ్ల తగిలి నొక్కితే నొప్పి పుడితే అనుమానం మరింత బలపడుతుంది. మొదటి నాలుగైదు రోజులు పెరిగి, రెండు మూడు వారాల్లో పోతుంది. యాంటీబయాటిక్ దీన్ని ఒక్కరోజు కూడా తగ్గించదు. చల్లటి తడిగుడ్డ, కృత్రిమ కన్నీటి చుక్కలు చాలు. కలక ఉన్నవాళ్ల కళ్లలోకి చూస్తే అంటుకోదు, చేతుల ద్వారా అంటుకుంటుంది. నల్లకళ్లద్దాలు వెలుతురు నుంచి హాయినిస్తాయి తప్ప ఎదుటివాళ్లను కాపాడవు. రెండు వారాల దాకా తువ్వాలు, దిండుగలీబు వేరుగా ఉండాలి. చేతులకు సబ్బు నీళ్లే వాడండి. ఆల్కహాల్ జెల్‌కి ఈ వైరస్ అంత తేలిగ్గా చావదు. కలక తగ్గుతున్న దశలో చూపు మసకబారితే మాత్రం నల్లగుడ్డులో మచ్చలు వచ్చాయేమో చూపించుకోవాలి.

బాక్టీరియా కలకలో పుసి చిక్కగా, రోజంతా ఊరుతూ ఉంటుంది, రెప్పలు గట్టిగా అతుక్కుంటాయి. పిల్లల్లో ఎక్కువ. కలకతో పాటు చెవినొప్పి కూడా ఉంటే చెవి చూపించకుండా వదలొద్దు, రెండూ ఒకే క్రిమి వల్ల కావచ్చు, అప్పుడు నోటిమందు పడుతుంది. చుక్కలు మొదలుపెట్టిన మూడు రోజుల్లో ఏ మార్పూ లేకపోతే సీసా మార్చే బదులు డాక్టరు కన్ను చూడాలి.

ఇక దురద. విపరీతమైన దురద, తెల్లగా దారంలా సాగే జిగురు, రెండు కళ్లలోనూ ఉండటం, ఏటా అదే కాలంలో రావడం: ఇది ఎలర్జీ గుర్తు. రుద్దితే ఆ క్షణానికి హాయిగా ఉంటుంది కానీ, రుద్దుడు వల్ల కణాల నుంచి దురద పుట్టించే హిస్టమిన్ మరింత విడుదలై దురద రెట్టింపవుతుంది. పైగా ఏళ్ల తరబడి రుద్దే పిల్లల్లో నల్లగుడ్డు పలచబడి శంకువులా ముందుకు పొడుచుకొచ్చే జబ్బుకు అదొక కారణం. చల్లటి గుడ్డ, బయటి నుంచి రాగానే ముఖం కడుక్కోవడం, ఒలోపటడిన్ లేదా కీటోటిఫెన్ లాంటి ఎలర్జీ చుక్కలు సరిపోతాయి. సగం సీసా అయ్యాక ‘పనిచేయలేదు’ అనేస్తారు గానీ, ఎలర్జీ కాలమంతా రోజూ వేసుకుంటేనే వాటి పూర్తి ఫలితం తెలిసేది.

మీ వర్ణనకు నాకు ఎక్కువగా సరిపోతున్నట్టు కనిపించేది రెప్పల అంచుల వాపు. వారాల తరబడి సాగేది, చుక్కలతో తగ్గి మళ్లీ వచ్చేది, పొద్దున్నే ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇదే. పై రెప్ప అంచులో సుమారు 30, కింది రెప్పలో సుమారు 25 నూనె గ్రంథులు వరుసగా ఉంటాయి. వాటిలో నూనె పలచగా ఉండాల్సింది పేస్టులా గట్టిపడి దారి మూసుకుంటుంది. నూనెపొర లేని కన్నీరు త్వరగా ఆవిరైపోతుంది, కన్ను గరగరలాడుతుంది, దానికి బదులుగా జిగురు ఎక్కువ ఊరుతుంది. అంచుల్లో క్రిములు పెరిగి పొట్టు కడుతుంది. మంచి వెలుతురులో, పెద్దది చేసి చూపే అద్దంలో చూసుకోండి. వెంట్రుకల మొదళ్లలో చుండ్రులాంటి పొట్టు ఉందా, అంచు ఎర్రగా మందంగా ఉందా, కనుకొలుకుల్లో సబ్బు నురగ లాంటిది ఉందా? వెంట్రుక మొదటికి గొట్టంలా చుట్టుకున్న పొట్టు కనిపిస్తే డెమోడెక్స్ అనే కంటికి కనిపించని పురుగు ఉన్నట్టు. దానికి టీ ట్రీ నూనెతో చేసిన ప్రత్యేక తుడుపులు ఉన్నాయి, కానీ అసలు నూనెను నేరుగా పూస్తే నల్లగుడ్డు కాలుతుంది.

దీనికి వైద్యం విసుగ్గా ఉంటుంది, కానీ పనిచేసేది అదే. శుభ్రమైన గుడ్డను 40 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల వేడి నీటిలో ముంచి పిండి, మూసిన రెప్పల మీద పెట్టాలి. మణికట్టు లోపలివైపు పెట్టి చూస్తే వేడిగా ఉండాలి, చురుక్కుమనకూడదు. తడిగుడ్డ రెండు నిమిషాల్లో చల్లారిపోతుంది, ఇక్కడే చాలామంది తప్పుతారు. ఒకసారి పెట్టి పది నిమిషాలు వదిలేస్తే గట్టి నూనె కరగదు. రెండు నిమిషాలకోసారి మళ్లీ ముంచుతూ మొత్తం పది నిమిషాలు కాపాలి. వెంటనే, వేడి ఉండగానే, వేలితో పై రెప్పను పైనుంచి కిందికి, కింది రెప్పను కిందనుంచి పైకి, అంటే ఎప్పుడూ వెంట్రుకల వైపుకే, మెల్లగా నిమరాలి. కనుగుడ్డు మీద ఒత్తిడి పెట్టొద్దు. తర్వాత ఒక వంతు బేబీ షాంపూకి పది వంతులు కాచి చల్లార్చిన నీళ్లు కలిపి, దూదిపుల్లతో వెంట్రుకల మొదళ్లు అడ్డంగా రుద్ది, మామూలు నీళ్లతో తుడవాలి. షాంపూ మంట పుట్టిస్తే రెప్పల కోసం అమ్మే తుడుపులు వాడొచ్చు. రోజుకి రెండుసార్లు నాలుగు వారాలు, ఆపై రోజుకి ఒకసారి, అది కూడా ఆపకుండా. ఇది పళ్లు తోముకోవడం లాంటి పని, ఒకసారి నయమై పోయేది కాదు. నెలరోజులు సరిగ్గా చేసినా తగ్గకపోతే డాక్టరు అజిత్రోమైసిన్ లేదా డాక్సీసైక్లిన్ మాత్రలు ఆలోచిస్తారు. గర్భిణులకు, చిన్నపిల్లలకు డాక్సీసైక్లిన్ ఇవ్వరు.

ఒకే కంట్లో, నీళ్లు కారుతూ పుసి వస్తుంటే కన్నీటి దారిని అనుమానించాలి. రెప్పల అంచుల్లో ముక్కువైపు కొసన సూదిమొనంత రంధ్రం ఒక్కొక్కటి ఉంటుంది. కన్నీరు అక్కణ్ణుంచి సన్నటి కాలువల ద్వారా కన్నీటి సంచిలోకి, సంచి నుంచి గొట్టం ద్వారా ముక్కులోకి దిగుతుంది. గొట్టం మూసుకుంటే సంచిలో నీరు నిలిచి కుళ్లుతుంది. చేతులు కడుక్కుని, కనుకొలుకుకి కాస్త కిందుగా ముక్కు ఎముక మీద వేలితో నొక్కి అద్దంలో చూడండి. ఆ చిన్న రంధ్రంలోంచి జిగురో చీమో పైకి వస్తే విషయం తేలిపోయినట్టే. అక్కడ ఎర్రగా వాచి సలుపుతుంటే మాత్రం నొక్కొద్దు, చూపించుకోండి. పెద్దవాళ్లలో ఈ అడ్డం చుక్కలతో తెరుచుకోదు. సంచి నుంచి ముక్కులోకి కొత్తదారి చేసే ఆపరేషన్ కావాలి. శుక్లం ఆపరేషన్ చేయించుకోబోయేవాళ్లు ఈ పుసి సంగతి దాచకూడదు. సంచిలో చీము పెట్టుకుని కంటికి ఆపరేషన్ చేస్తే క్రిములు కంటి లోపలికే చేరతాయి. ఆపరేషన్‌కి ముందు ఆ రంధ్రంలోకి నీళ్లు ఎక్కించి చూసేది ఇందుకే.

సంచి బాగానే ఉండి, రంధ్రం ఒక్కటే ఉబ్బి నోరు తెరిచినట్టుంటే చిన్న కాలువలోనే రాళ్లలాంటి గట్టి కణికలు చేరి ఉండొచ్చు. నెలల తరబడి కలక పేరుతో చుక్కలు వాడించేసే జబ్బు ఇది. చుక్కలు వేసినప్పుడు తగ్గుతుంది, ఆపితే వస్తుంది. కణికలు తీసేస్తేనే పోతుంది.

పసిపిల్లల్లో కన్ను తెల్లగానే ఉండి, నీరు, పుసి మాత్రం వస్తుంటే గొట్టం చివరనున్న సన్నని పొర ఇంకా తెరుచుకోలేదని అర్థం. దాదాపు పదిమందిలో తొమ్మిదిమందికి ఏడాది నిండేలోపు దానంతటదే తెరుచుకుంటుంది. గోరు కత్తిరించుకున్న చూపుడువేలిని కనుకొలుకు కింద పెట్టి, కాస్త గట్టిగా అదిమి, ముక్కు పక్కనుంచి కిందికి లాగాలి. ఒక్కోసారికి 5 నుంచి 10 సార్లు, రోజుకి మూడు నాలుగు దఫాలు. చర్మం మీద పైపైన నిమిరితే లాభం లేదు, సంచిలోని నీటి ఒత్తిడి ఆ పొరను తెరవాలి. ఏడాది దాటినా ఆగకపోతే సన్నటి కడ్డీతో తెరుస్తారు. అన్నట్టు, నీళ్లు కారే పసికందు వెలుతురుకి కళ్లు గట్టిగా మూసుకుంటున్నా, నల్లగుడ్డు పెద్దగానో మసకగానో కనిపించినా అది గొట్టం అడ్డం కాదు. కంటి లోపలి ఒత్తిడి పెరిగి ఉండొచ్చు, ఆలస్యం చేయకండి.

ఇప్పుడు వేలి సంగతి. కంట్లో తీగలా జిగురు కనబడగానే వేలితోనో గుడ్డ కొసతోనో లాగి తీసే అలవాటు కొందరికి ఉంటుంది. లాగిన ప్రతిసారీ తెల్లగుడ్డు మీది పొర గీసుకుపోతుంది, గీసుకున్న పొర మరింత జిగురు వదులుతుంది, అది చూసి మళ్లీ లాగుతారు. మొదట పొడికన్నో ఎలర్జీయో ఉండి ఉంటుంది, అది తగ్గినా ఈ చక్రం ఆగదు. రోజుకి పది ఇరవైసార్లు అద్దం ముందుకెళ్లి జిగురు తీసేవాళ్లయితే రెండు వారాలు కంటి లోపల వేలు పెట్టడం పూర్తిగా మానేసి చూడండి. రెప్ప బయటికి వచ్చినదాన్ని మాత్రమే తుడవండి. జిగురు కనపడినప్పుడల్లా నిల్వమందు (సీసాలో క్రిములు పెరగకుండా కలిపేది) లేని కృత్రిమ కన్నీరు ఒక చుక్క వేస్తే అదే కొట్టుకుపోతుంది.

వేస్తున్న మందే కారణమయ్యే సందర్భాలూ తక్కువేం కాదు. సీసాల్లో క్రిములు పెరగకుండా కలిపే బెంజాల్కోనియం క్లోరైడ్ వారాల తరబడి పడితే కంటిపొర దెబ్బతిని ఎర్రబడి జిగురు వదులుతుంది. జెంటమైసిన్ లాంటి కొన్ని యాంటీబయాటిక్‌లూ అంతే. చుక్క పారే చోట, అంటే కింది రెప్ప చర్మం మీద పొట్టు రేగి దురదపెడితే ఆ మందు మీదే అనుమానం పెట్టుకోండి. గ్లకోమాకి (కంటి ఒత్తిడి జబ్బుకి) చుక్కలు వాడేవాళ్లు మాత్రం సొంతంగా ఆపకుండా డాక్టరుకి చెప్పి మార్పించుకోవాలి. ఎరుపు వెంటనే పోగొట్టే చుక్కలు రక్తనాళాలను ముడిచి పెడతాయి, ప్రభావం దిగాక అవి మునుపటికంటే ఎక్కువ ఉబ్బుతాయి. స్టిరాయిడ్ కలిసిన చుక్కలు ఇంకా మోసకారివి: ఒక్కరోజులో కన్ను తెల్లబడుతుంది, కింద హెర్పిస్ వైరసో ఫంగసో ఉంటే అది మాత్రం నిశ్శబ్దంగా పాకుతుంది. వారాల తరబడి వేస్తే కంటి ఒత్తిడి పెరుగుతుంది, శుక్లం రావొచ్చు. మీ సీసా మీద డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్, బీటామెథసోన్ లాంటి పేరుందేమో చూసి, ఉంటే డాక్టరుకి తప్పక చెప్పండి.

కొన్ని అరుదైనవీ ఉన్నాయి. నిద్రలో రెప్పలు పూర్తిగా మూసుకోనివాళ్లకి పొద్దున్నే గరగర, జిగురు ఉంటాయి, రాత్రి పడుకునేముందు కంటి ఆయింట్‌మెంట్ వేస్తే తగ్గుతుంది. లావుగా ఉండి గట్టిగా గురకపెట్టేవాళ్లలో పై రెప్ప సాగిపోయి దిండుకి ఒరిసి తిరగబడుతుంది, పడుకునే వైపు కంట్లోనే పుసి ఎక్కువ. వాళ్లకి కంటితో పాటు నిద్రలో ఊపిరి ఆగే జబ్బుకీ పరీక్ష చేయాలి. యువకుల్లో, మధ్యవయస్కుల్లో వారాలైనా తగ్గని ఒకవైపు కలకకి లైంగికంగా సోకే క్లమీడియా కారణం కావచ్చు. చుక్కలు చాలవు, మాత్రలు కావాలి, భాగస్వామికీ వైద్యం జరగాలి. పై రెప్ప కింద నలుసో, మరిచిపోయిన లెన్సు ముక్కో ఉండి నెలలుగా పుసి కట్టించడం కూడా ఉంది. రెప్ప తిరగేసి చూడనిదే దొరకదు.

తుడిచే పద్ధతి, చుక్క వేసే పద్ధతి చిన్న విషయాల్లా ఉంటాయి గానీ సగం సమస్య అక్కడే. ఎండిన పుసిని పొడిగా గీకితే వెంట్రుకలూడతాయి, చర్మం చీరుకుంటుంది. కాచి చల్లార్చిన నీటిలో తడిపిన దూదిని మూసిన కంటి మీద రెండు నిమిషాలు ఉంచి, ముక్కువైపు నుంచి చెవివైపుకి ఒక్క తుడుపు తుడిచి పారేయాలి. రెండో తుడుపుకి కొత్త దూది, రెండో కంటికి కొత్త దూది. బాగున్న కన్ను ముందు, పుసి కన్ను తర్వాత. తేనె, తల్లిపాలు, ఆకురసాలు కంట్లో పోయొద్దు, అవి క్రిములకు ఆహారం. పుసి తుడవకుండా చుక్క వేస్తే మందు దానికే అంటుకుపోతుంది. కింది రెప్పను లాగి ఆ జేబులో ఒక్క చుక్క వేయండి. రెండో చుక్క చెంప మీదికి కారడం తప్ప ఉపయోగం లేదు, కన్ను పట్టేది ఒక చుక్క కంటే తక్కువే. సీసా మూతి వెంట్రుకలకి తగలకూడదు. కన్ను మూసి కనుకొలుకుని ఒక నిమిషం నొక్కి పట్టుకుంటే మందు ముక్కులోకి దిగదు. రెండు రకాల చుక్కలుంటే మధ్యలో ఐదు నిమిషాలు ఆగాలి, ఆయింట్‌మెంట్ చివరికి. నిల్వమందు కలిసిన చాలా సీసాలను తెరిచిన 28 రోజులకి పారేయాలి, మూత తీసిన తేదీ సీసా మీదే రాసుకోండి. పోయినసారి మిగిలిన సీసా మళ్లీ వాడొద్దు. కాంటాక్ట్ లెన్సులు, వాటి డబ్బా, అప్పుడు వాడిన కాటుక, మస్కారా కూడా పారేయాల్సినవే.

మీ విషయంలో నేను సూచించే వరుస ఇది. ఈరోజు అద్దంలో రెప్ప అంచులు చూసుకోండి, కనుకొలుకు కింద నొక్కి చూడండి. పొట్టు, నురగ కనిపిస్తే పైన చెప్పిన కాపడం రేపటి నుంచే మొదలుపెట్టొచ్చు, దానికి ఎవరి చీటీ అక్కర్లేదు. నొక్కితే చీము వచ్చినా, పుసి ఒక్క కంట్లోనే ఉన్నా ఈ వారంలోనే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా వాడిన సీసాలన్నీ, ఖాళీవి కూడా, వెంట తీసుకెళ్లండి. పై రెప్ప తిరగేసి చూడమని, కన్నీటి దారిలోకి నీళ్లు ఎక్కించి చూడమని అడగడానికి మొహమాటపడకండి. పుసిని పరీక్షకి పంపేట్టయితే యాంటీబయాటిక్ చుక్కలు ఎన్నాళ్ల ముందు ఆపాలో వెళ్లేముందే ఫోన్ చేసి కనుక్కోండి. మందు పడుతున్న కంటి నుంచి తీసిన నమూనాలో క్రిమి ఉన్నా చాలాసార్లు పెరగదు.